చదువుకోనివాళ్ళకి వేరే పరీక్ష

కళ్ళ పరీక్షకని చెప్పి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది మా కోడలు. మెట్లెక్కి పైఅంతస్తు చేరేదాకా నేనూ కళ్ళకేననుకున్నాను. తీరా చూస్తే ఆ వరండాలో కంటికి కట్టు కట్టుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. బెంచీల మీద కూర్చున్నవాళ్ళంతా ఇంచుమించు నా వయసువాళ్ళే. ప్రతివాళ్ళ పక్కనా ఒక కొడుకో కూతురో కాపలా ఉన్నారు. నాకూ పక్కన కాపలా ఉంది కాబట్టి సంగతి అర్థమైంది. నేనేం నిన్నా మొన్నా పుట్టలేదు.

"ఇది కళ్ళ డాక్టరు గది కాదు" అన్నాను.

కోడలు గోడవైపు చూస్తూ, అన్నీ ఒకచోటే చూస్తారంది. అబద్ధం చెప్పేటప్పుడు దాని చూపు గోడమీదికి పోతుంది. కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆ సంగతి కనిపెట్టాను. ఎదురింటావిడ గిన్నె పగలగొట్టి తను కాదన్న రోజునా అంతే, పుట్టింటికి ఫోను చేసి చెయ్యలేదన్న రోజునా అంతే.

గొడవంతా మా మనవరాలి దగ్గర మొదలైంది. ఒక్కచోట కుదురుగా నిలవదని దాన్ని పిచ్చుక అంటాం. మా అబ్బాయి లారీ డ్రైవరు, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. కోడలికి బట్టల కంపెనీలో కుట్టుమిషను మీద పని. షిఫ్టు అయితేగానీ రాదు. నేను పొద్దున్నే నాలుగిళ్ళలో పని ముగించుకుని, కాస్త నడుం వాల్చి, బడి వదిలే వేళకి వెళ్ళి పిచ్చుకని తెచ్చేదాన్ని. రోజంతా వేరేవాళ్ళ గిన్నెలు, వేరేవాళ్ళ గచ్చులు. ఆ బడి నుంచి ఇంటిదాకా నడిచే దారి ఒక్కటే నాది. దాని సంచి నా భుజాన, దాని చెయ్యి నా చేతిలో, దాని నోరు ఆగకుండా నడిచేది.

ఈమధ్య ఒక రోజు పిల్లని ఇంటికి కాకుండా నేను వెనకటి రోజుల్లో పనిచేసిన మేడకి తీసుకెళ్ళాను. మెట్ల మీద కూర్చున్నాం. చీకటి పడుతుంటే కోడలు ఊరంతా వెతుక్కుంటూ వచ్చి మమ్మల్ని చూసి అక్కడే కూలబడింది. పెద్దమ్మగారిని చూసిపోదామని వచ్చానన్నాను. పెద్దమ్మగారు ఆ ఇల్లు ఖాళీ చేసి చాలా కాలమైందంది కోడలు. ఆ మాట నాకొకరు చెప్పాలా? ఆఖరున ఆ ఇల్లు కడిగి తాళం అప్పగించింది నేనే. అయినా ఒకసారి చూసి పోవాలనిపించకూడదా మనిషికి?

మర్నాటి నుంచి పిల్లని ఎదురింటావిడ తేవడం మొదలుపెట్టింది. మీ చూపు మందగించినట్టుంది, కళ్ళ పరీక్ష అయ్యాక మళ్ళీ మీరే వెళుదురుగానీ అంది కోడలు. అన్నప్పుడు గోడవైపు చూసింది. అప్పుడే అనుమానించాల్సింది.

అనుమానించాల్సింది మరొకటి కూడా ఉంది. కోడలి తల్లి ఈమధ్యే ఒంటరిదైంది, చిన్న కొడుకు దగ్గర ఇమడలేకపోతోంది. ముసల్దానికి మతి పోయిందని ఒక డాక్టరు చేత అనిపిస్తే చాలు, ఆవిడ పెట్టె సర్దుకుని దిగిపోతుంది. నా మంచం ఆవిడకి, పిచ్చుక చెయ్యి ఆవిడకి. నేను గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూస్తుండాలి. బెంచీ మీద కూర్చున్నంతసేపూ ఇదే లెక్క కట్టాను. ఎటు తిప్పి చూసినా సరిగ్గా సరిపోయింది.

లోపల డాక్టరు కుర్రాడు. కాగితం మీద గడియారం గీయమని పెన్సిలు చేతికిచ్చాడు. నేను బడి గుమ్మం తొక్కలేదు. పెన్సిలు ఎప్పుడైనా పట్టానంటే అమ్మగార్ల పిల్లలు మంచం కింద పారేసింది తీసి బల్లమీద పెట్టడానికే. గుండ్రంగా గీద్దామంటే కోడిగుడ్డు వచ్చింది. అంకెలు వెయ్యమంటే చుట్టూ చుక్కలు పెట్టాను. తర్వాత వందలోంచి ఏడు తీసెయ్యమన్నాడు. ఎవరి వంద, నేనెందుకు తీయాలి అని అడిగాను. ఆయన నవ్వకుండా ఏదో రాసుకున్నాడు. ఆయనకి గడియారం డాక్టరని అక్కడికక్కడే పేరు పెట్టేశాను.

నన్ను బయట కూర్చోమని కోడలు మళ్ళీ లోపలికి వెళ్ళింది. తలుపు సందులోంచి చూశాను. చేతులు తిప్పుతూ ఆయనకి గట్టిగా ఏదో నచ్చచెబుతోంది. ఇంట్లో నోరు విప్పితే ముత్యాలు రాలతాయన్నట్టు ఉండే మనిషి అక్కడ ఆగకుండా మాట్లాడుతోంది. ఇన్నాళ్ళూ కూడబెట్టిన చాడీలన్నీ ఒలకబోస్తోందనుకున్నాను.

బయటికొచ్చి, ఇంకో గదిలో ఇంకో పరీక్ష ఉందంది. ఆ గదిలో ఒక సన్నటి అమ్మాయి బల్ల మీద బొమ్మల కార్డులు పేర్చుకుని కూర్చుంది. ఈ పరీక్షకి పెన్సిలు అక్కర్లేదమ్మా, చదువుకోనివాళ్ళ కోసం విడిగా తయారుచేశారు అని నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేదు. నేను పనిచేసిన ఇళ్ళలో టీ తాగడానికి నాకు వేరే గ్లాసు ఉండేది, కిటికీ మీద బోర్లించి. విడిగా అన్న మాట వింటే నాకు ఆ గ్లాసే గుర్తొస్తుంది. కోడల్ని బయట ఉండమని తలుపు వేసేసరికి నాకు ఇంకా అనుమానం పెరిగింది.

కార్డులు ఒక్కొక్కటే చూపించింది. చీపురు, కత్తెర, గొడుగు, బాతు, నిచ్చెన, ఇంకా ఏవేవో. పేర్లన్నీ టకటకా చెప్పాను. ఇవి తెలియనివాళ్ళు కూడా ఉంటారా అన్నాను. ఇవి బాగా చూసి పెట్టుకోండి, తర్వాత అడుగుతానంది.

ఆ తర్వాత ఒక కథ చెబుతాను వినండమ్మా అని మొదలుపెట్టింది. ఒకావిడకీ కొడుక్కీ మాటామాటా వచ్చిందట. ఆవిడ బస్సెక్కి అక్కగారింటికి బయలుదేరిందట. వానలో దిగుతూ సంచి బస్సులోనే వదిలేసిందట. కండక్టరు వెనకాలే పరుగెత్తుకొచ్చి ఇచ్చాడట. అయిపోయాక, ఇప్పుడు మీరు చెప్పండి అంది.

ఇక్కడ నా పని గురించి ఒక ముక్క చెప్పాలి. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకి చేతులెంత ముఖ్యమో నోరు అంత ముఖ్యం. గిన్నెలు తోముతుంటే మొగుడూ పెళ్ళాల పోట్లాట వినపడుతుంది. పక్కలు దులుపుతుంటే ఎవరు విడిగా పడుకుంటున్నారో తెలుస్తుంది. కింది ఇంటావిడ పై ఇంటి సంగతి అడుగుతుంది, ఊరికే కాదు, టీ ఇచ్చి మరీ అడుగుతుంది. చెప్పావో, ఆవిడ చెవులారా విని, మర్నాడు నిన్నే నమ్మదు. మా మేనత్త నాకు పని నేర్పిన మొదటి రోజే ఈ సంగతి చెప్పింది. నాతోపాటు పనిలో చేరిన ఒకావిడ ఒక్క మాట ఇటునుంచి అటు మోసి, ఆ వీధిలో అన్ని ఇళ్ళూ పోగొట్టుకుంది. నేను మాత్రం మెట్లు దిగుతూనే విన్నది దులిపేసుకునేదాన్ని. ఎవరు ఎంత తియ్యగా అడిగినా, నాకేం తెలీదమ్మా, నేను వినలేదు అనేదాన్ని. అందుకే నన్ను ఏ ఇంటివాళ్ళూ వదులుకోలేదు.

అలాంటి నన్ను కూర్చోబెట్టి, కొడుకుతో పోట్లాడి ఇల్లు వదిలిన ఆడమనిషి సంగతి చెప్పి, ఇప్పుడు నువ్వు చెప్పు అంటుందా? ఆవిడ ఎవరో, ఏ ఇంటావిడో! లేకపోతే నాకే తగిలించి అంటోందా? నేను నోరు జారితే, చూశారా, ఈవిడ నోట్లో మాట ఆగదు, పిల్లని ఎలా అప్పగిస్తాం అంటారు. కోడలు బయట తలుపుకి చెవి పెట్టే ఉంటుంది.

"నాకేం తెలీదమ్మా. నేను వినలేదు" అన్నాను.

ఒక్క ముక్కయినా చెప్పండంది. వినలేదన్నానుగా అన్నాను. బస్సు గురించి అని అందించబోయింది. నాకు బస్సుల సంగతి తెలియదన్నాను. ఆ అమ్మాయి మొహంలో ఏమీ కనపడలేదు. ఎందరో అమ్మగార్ల మొహాలు చదివిన నాకు ఆ మొహం తలుపు వేసిన ఇల్లులా ఉంది. కాగితం మీద ఏదో గుర్తు పెట్టింది.

తర్వాత బొమ్మలు మళ్ళీ తీసింది. ఈసారి కొత్తవి కలిపి, ఇందాక చూసినవి ఏవో చూపించమంది. కొన్ని చూపించాను. బాతు దగ్గరికొచ్చేసరికి ఆగాను. ఇది నువ్వు చూపించలేదన్నాను. చూపించానమ్మా అంది. నా కళ్ళెదుట మార్చేస్తే నాకు తెలియదనుకున్నావా అన్నాను. ఆ అమ్మాయి తల వంచి కార్డు పక్కన పెట్టింది. తప్పు పట్టుబడితే ఎవరైనా అలాగే తల వంచుతారనుకున్నాను.

అప్పుడు కోడల్ని లోపలికి పిలిచింది. ఇంట్లో వంట ఎవరు చేస్తారు, పొయ్యి మరిచిపోతారా, కొట్టుకి ఒక్కరే వెళతారా అని నా ముందే నా గురించి అడిగింది. కోడలు ఆ మెట్ల సంగతి చెప్పింది. చెప్పకుండా ఉంటుందా! వంట బాగానే చేస్తారని కూడా చెప్పింది. అది ఎందుకు కలిపిందో నాకర్థం కాలేదు. ఏదో ఎత్తు ఉండే ఉంటుందనుకున్నాను. మాటల్లో కార్డుల అమ్మాయి, గడియారం గీయడం రాలేదని మతి లేదని రాస్తే ఒప్పుకోనని మీ కోడలు డాక్టరుగారితో వాదించిందమ్మా, అందుకే మిమ్మల్ని నా దగ్గరికి పంపించారు అంది. నేను నమ్మలేదు. ఇద్దరూ ఒక మాట మీదున్నప్పుడు ఒకరినొకరు మెచ్చుకుంటారు మరి.

బొమ్మలు పరవాలేదుగానీ కథ అస్సలు చెప్పలేదు, వినలేదనే అన్నారు అని కార్డుల అమ్మాయి కోడలితో అంది. కోడలు ఆ కథేమిటో అడిగింది. విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఆవిడ చెప్పరండీ. ఒకరింటి మాట ఇంకొకరి దగ్గర ఎత్తరు. మా ఆడబిడ్డ పెళ్ళి తప్పిపోయిన సంగతి కూడా నాకు పక్కింటివాళ్ళే చెప్పారు." అని నావైపు తిరిగింది. "అత్తయ్యా, అందులో వాళ్ళెవరూ నిజం మనుషులు కారు. ఎవరింటి సంగతీ కాదు. మీరు చెప్పొచ్చు."

నిజం చెబుతున్నాను, ఆ క్షణం నా గుండె మీంచి బండ దిగినట్టైంది. తప్పంతా ఇదన్నమాట. ఇంత మాట ముందే చెబితే ఎప్పుడో ముగించేద్దును కదా! కార్డుల అమ్మాయి కూడా చిన్నబుచ్చుకుని, తను ముందే చెప్పాల్సిందని ఒప్పుకుంది. ఆ కథ మీ ముందే మళ్ళీ చెప్పేశాను కాబట్టి పనికిరాదు, ఇంకో కథ చెబుతానంది. చెప్పు, ఎన్నయినా చెప్పు అన్నాను.

చెప్పింది. నేను ముందుకి వంగి విన్నాను. ఆగగానే అందుకుని, మేకని పోగొట్టుకున్న చెప్పులు కుట్టేవాడి సంగతి, అది అంగట్లో దొరకడం, దాని మెడలో ఎర్రతాడు చూసి వాడు గుర్తుపట్టడం అంతా చెప్పాను. తాడు ఎలా ముడి వేశాడో కథలో లేకపోతే అదీ కలిపాను. కోడలు నవ్వింది. కార్డుల అమ్మాయి మొహం మొదటిసారి విప్పారింది. ఇక ఇంటికెళ్ళి మీ అమ్మకి పెట్టె సర్దుకోనక్కర్లేదని చెప్పుకో అని కోడల్ని మనసులోనే దెప్పాను. రేపటినుంచి పిచ్చుకని నేనే తెస్తాను. ఎదురింటావిడకి ఒక నమస్కారం.

ఆ తర్వాత ఆ అమ్మాయి అగ్గిపుల్లలతో ఇల్లూ మెట్లూ పేర్చింది. నేను చూసి అలాగే పేర్చాను. పండ్ల పేర్లు చెప్పమంటే చెప్పాను. ఏ రోజు ఏ ఇంట్లో ఏం పని ముందు చేస్తానో అడిగింది. అదీ చెప్పాను. హాయిగా మాటల్లో పడ్డాం. కిటికీలోంచి ఎండ బల్లమీదికి వచ్చింది. అప్పుడు ఆ అమ్మాయి, ఇందాకటి కథ ఇంకోసారి చెప్పండమ్మా అంది.

"ఏ కథ?" అన్నాను.

నేను మీకొక కథ చెప్పాను కదా అంది. బస్సులో సంచి పోయిన ఆవిడ సంగతే కదా, అది పనికిరాదన్నావుగా అన్నాను. అది కాదు, ఆ తర్వాత చెప్పింది అంది. ఆ తర్వాత నువ్వేమీ చెప్పలేదు, అగ్గిపుల్లలు తీశావు అన్నాను. ఒక మేక, అంది మెల్లగా. నాకు మేకా తెలియదు, గొర్రే తెలియదు.

అప్పుడు నాకు ఆట మొత్తం అర్థమైనట్టైంది. బాతు కార్డు మార్చినట్టే ఇదీ. ఇద్దరూ ముందే అనుకున్నారు. ఒకతె చెప్పానంటుంది, ఇంకొకతె సాక్షి. నేను లేచి నిలబడ్డాను. కూడబలుక్కుని నన్ను పిచ్చిదాన్ని చేస్తారా, మీ ఇంట్లో పెద్దవాళ్ళు లేరా అని కార్డుల అమ్మాయిని అడిగాను. నీ తల్లిని తెచ్చుకోవాలంటే నోరు తెరిచి అడగొచ్చుగా, ఈ నాటకమెందుకు అని కోడల్ని అడిగాను. నా గొంతు వరండాలోకి వినపడి ఉంటుంది.

కోడలు వాదించలేదు. అదే నన్ను ఆపింది. ఎంత తక్కువ మాట్లాడినా తల్లిని ఒక్క మాట అంటే ఊరుకోని మనిషి, ఊరుకుంది. నేను దాని మొహంలోకి చూశాను. గోడవైపు చూస్తుందేమోనని ఎదురుచూశాను. అది చూడలేదు. నా కళ్ళలోకే చూస్తూ కూర్చుంది.

"చెప్పిందా?" అన్నాను.

"చెప్పింది అత్తయ్యా. మీరు మొత్తం తిరిగి చెప్పారు. మేక మెడలో తాడుకి ముడి కూడా వేశారు."

ఆ మొహంలో అబద్ధం కోసం ఎంత వెతికానో నాకే తెలుసు. ఉంటే బాగుండునని వెతికాను. లేదు. అప్పుడు భయం వేసింది. మొగుడు పోయినప్పుడు కూడా అంత భయపడలేదు. కుర్చీ ఎటుందో చూసుకుని కూర్చున్నాను.

కార్డుల అమ్మాయి నా చెయ్యి పట్టుకుని చెప్పింది. ఇది పిచ్చి కాదట. వయసుతో వచ్చే మరుపు కంటే కొంచెం ఎక్కువట. నా పనులు నేను చేసుకోగలనట, ఇళ్ళలో పని మానక్కర్లేదట. కొత్తగా విన్నది, చూసింది నిలవడం లేదట. బాతు బొమ్మా, మేక కథా వాళ్ళిద్దరూ మళ్ళీ చెబితేనే నేను ఇక్కడ చెప్పగలిగాను. ముందుముందు పెరగొచ్చు, పెరక్కపోనూ వచ్చు. రక్తపరీక్ష చేసి, కొన్నాళ్ళకి మళ్ళీ చూస్తారట. పిల్ల గురించి నేను అడగలేదు. కోడలు అడగబోతుంటే, అది మేమే చూసుకుంటాంలే అని లేచాను.

బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. కళ్ళ పరీక్షని అబద్ధం చెప్పినందుకు తిట్టాలనుకున్నాను, ఓపిక లేకపోయింది. బడి స్టాపుకి ముందు చెప్పాను, ఆ రోజు పెద్దమ్మగారిని చూడాలని వెళ్ళలేదు, కాళ్ళు అటు తీసుకెళ్ళాయి, మెట్లెక్కాక ఎందుకొచ్చానో తెలియక కూర్చుండిపోయాను అని. పిల్ల నాన్నమ్మా ఇంటికి పోదాం అంటుంటే ఇల్లు ఎటో గుర్తురాక, కథ చెబుతానని దాన్ని ఆపాను. కోడలు, షిఫ్టు మార్చమని సూపర్‌వైజర్ని అడుగుతాననీ, రోజూ ఇద్దరం కలిసి వద్దామనీ అంది. వాళ్ళమ్మ మాట తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆవిడ వస్తుందో రాదో నాకిప్పటికీ తెలియదు.

పిచ్చుక గేటులోంచి పరుగెత్తుకొచ్చి, ఇద్దరూ ఎందుకొచ్చారని అడిగింది. నాన్నమ్మకి కాళ్ళ నొప్పులని కోడలు మొదలుపెట్టింది.

"కాళ్ళు బాగానే ఉన్నాయి. నేను దారి మర్చిపోతున్నాను. అందుకని మీ అమ్మ వచ్చింది" అన్నాను.

పిల్ల ఒక నిమిషం ఆలోచించి, అయితే నా సంచి ఎవరు మోస్తారంది. సంచి నేనే మోస్తానని భుజానికి తగిలించుకున్నాను. అది మా ఇద్దరి మధ్యా నడుస్తూ, బడిలో ఎవరు ఎవర్ని గిల్లారో చెప్పడం మొదలుపెట్టింది.

మందుల కొట్టు దగ్గర దారి రెండుగా చీలుతుంది. అక్కడికి వచ్చేసరికి కోడలు నడక తగ్గించింది. నేను ఎటు తిరుగుతానో చూడాలని తగ్గించిందని నాకు తెలుసు. మామూలుగా అయితే ఆ పనికి ఇంటిదాకా సాధించి ఉండేదాన్ని. ఊరుకున్నాను. ఎడమవైపు రెండడుగులు వేసి, సరైనదేనా అని కోడలి మొహంలోకి చూశాను.